యెరెవాన్ నుంచి వచ్చిన సంచిలో ఏది పనికొచ్చింది

మా షోకేసులో జానెడు బొబ్బిలి వీణ ఒకటి ఉంది. మా ఆయన రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు శాలువాతో పాటు ఇచ్చారు. ప్లాస్టిక్ పెట్టెలో భద్రంగా ఉంటుంది. కుండ ఉంది, యాళి ముఖం ఉంది, తీగలు ఉన్నాయి. మోగదు. ముప్ఫై ఏళ్ళుగా విజయనగరంలో పిల్లలకి వీణ చెప్తున్నదాన్ని, దుమ్ము తుడిచినప్పుడల్లా నాకు చిరాకే. చేసినవాళ్ళ మీద కాదు, అంత చిన్న కర్ర మీద అంత పని చెయ్యడం మాటలా? వీణంటే బల్ల మీద పెట్టుకునే బొమ్మ అనుకునే స్థితికి వచ్చామే అని చిరాకు.

అందుకే మా అక్క కొడుకు ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నుంచి ఫోన్ చేసి "పిన్నీ, సెలవులకి వస్తున్నా, ఏం తేను?" అంటే ఒకటే షరతు పెట్టాను. ఆర్మేనియావాళ్ళు చేత్తో చేసినవి కావాలి, వాళ్ళ ఇళ్ళలో వాళ్ళు కూడా వాడుకునేవి కావాలి. వాడు అక్కడ ఎంబీబీఎస్ మూడో ఏడు. మా అక్క అకౌంటుకి పదిహేను వేలు వేశాను. షార్జా మీదుగా హైదరాబాద్ దిగి, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక సంచి భుజాన వేసుకుని తెల్లారేసరికి మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటో దిగాడు. అప్పుడు రూపాయికి అక్కడి డబ్బులో సుమారు నాలుగున్నర డ్రామ్‌లు. మొత్తం 68,000 డ్రామ్‌లు అయ్యాయిట. మా ఆయన వెంటనే ఫోన్ తీసి లెక్కేసి, "నూట పదకొండు రూపాయలు ఎక్కువైంది, వాడికిచ్చెయ్" అన్నారు. బ్యాంకులో పనిచేసిన మనిషి మరి.

మన జిల్లాల పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, వాళ్ళ చేత తెప్పించుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. నాలుగు నెలలు వాడి చూశాకే రాస్తున్నాను.

ముందు నష్టం చెప్పేస్తాను. ఖచ్కార్ అని ఆర్మేనియాలో శిలువ చెక్కిన రాతి పలకలుంటాయి. శిలువ కింద సూర్యుడి బింబమో చక్రమో, చుట్టూ లతలు, అల్లికలు, ద్రాక్షగుత్తులు. మనిషి భుజాల దాకా వచ్చేవి కూడా ఉంటాయి. దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఉన్నాయని యునెస్కో లెక్క. 2010లో ఆ చెక్కే విద్యకి వారసత్వ జాబితాలో చోటిచ్చారు. సెవాన్ సరస్సు పక్కన నొరాతుస్ అనే ఊరి శ్మశానంలోనే వందల కొద్దీ వరసగా నిలబడి ఉంటాయి. మావాడు ఆ ఫొటోలు చూపిస్తుంటే చూపు తిప్పుకోలేకపోయాను. మన గుడి స్తంభాల మీది అల్లిక పనికి వేలు విడిచిన చుట్టాల్లా ఉన్నాయి. వీటి గొప్పంతా ఒక పలక ఉన్నట్టు ఇంకో పలక ఉండకపోవడంలో ఉంది.

మావాడు తెచ్చినవి రెండు, అరచేతిలో పట్టేంతవి. ఒకటి నాకు, ఒకటి వాళ్ళమ్మకి. రెండూ పక్కపక్కన పెట్టాను. ఎడమవైపు ద్రాక్షాకు కొస దగ్గర చిన్న సొట్ట ఉంది. రెండోదానికీ అదే ఆకు, అదే కొస, అదే సొట్ట. వెనక తిప్పి చూస్తే సూదిమొనంత గాలిబుడగల గుంటలు. రాతిపొడిని జిగురులో కలిపి అచ్చులో పోసినవన్నమాట.

"లేదు పిన్నీ, చేత్తో చెక్కిందే అన్నాడు ఆ కొట్టువాడు."

"చేత్తోనే పోసి ఉంటాడు నాన్నా."

రెండూ కలిపి తొమ్మిది వేల డ్రామ్‌లు, అంటే రెండు వేల రూపాయలు. అక్కడ నిజంగా రాయి చెక్కేవాళ్ళున్నారు, వాళ్ళ పనికి ఇంతకన్నా ఎక్కువే ఇవ్వాలి. కానీ ఎవరైనా మీకోసం తెస్తుంటే రెండు కొని పక్కపక్కన పెట్టి చూడమనండి. ఒకే సొట్ట రెండింటికీ ఉంటే అక్కడే వదిలెయ్యమనండి. మాది ఇప్పుడు ఆ జానెడు వీణ పక్కనే ఉంది, ఒకదానికొకటి తోడు.

పింగాణీ దానిమ్మ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. దానిమ్మ వాళ్ళకి సంతానానికీ సిరికీ గుర్తు, పెళ్ళికూతురు పండు విసిరి పగలగొట్టే ఆచారం కూడా ఉంది. పండులో సరిగ్గా 365 గింజలుంటాయని చెప్పుకుంటారు. ఎరుపు బాగుంది. మావాడు మేజోళ్ళలో చుట్టి తెచ్చాడు, పైనున్న కిరీటంలో ఒక రేకు విరిగింది. మళ్ళీ కొనను.

ఇక నాకు నవ్వు, ఆనందం రెండూ కలిగించింది అక్షరాల పటం. ఆర్మేనియన్ లిపిని మెస్రోప్ మష్తోత్స్ అనే సాధువు క్రీ.శ. 405లో కూర్చాడు. అప్పుడు 36 అక్షరాలు, మధ్యయుగంలో ఇంకో రెండు చేరాయి. ఆ లిపి అంటే వాళ్ళకి ప్రాణం. యెరెవాన్‌లో మతెనదరాన్ అని పాత రాతప్రతులకే ఒక పెద్ద భవనం కట్టుకున్నారు. ఆ రాతప్రతుల్లో అక్షరాలని పక్షుల ఆకారంలో గీసేవారు, మెడ వంచిన కొంగ ఒక అక్షరం, రెండు పిట్టలు ముక్కులు కలిపితే ఇంకో అక్షరం. ఇప్పుడు ఆ పక్షి అక్షరాలతో మన పేరు రాసిస్తారు. నా పేరు వద్దు, "వీణ" అని రాయించమన్నాను.

రాసే అమ్మాయికి మావాడు పలికి వినిపించాడట. "ణ" దగ్గర ఆగిపోయింది. వాళ్ళకి ప, ఫ, బ మూడూ వేరువేరుగా ఉన్నాయి, త, థ, దలు కూడా. ఇంగ్లీషు కంటే మనకే దగ్గరనిపిస్తుంది. కానీ ట, డ, ణ లేవు. దాంతో నా వీణ కాస్తా "వినా" అయింది. నాలుగు పక్షులు, నాలుగు అక్షరాలు. కాగితం మందంగా ఉంది, రంగు వేసినచోట వేలికి తగులుతుంది, ఒక పక్షి తోకలో కుంచె కొద్దిగా దారి తప్పింది. దారి తప్పింది కాబట్టే నమ్మకం కలిగింది. నాలుగున్నర వేల డ్రామ్‌లు, అంటే వెయ్యి రూపాయలు. ఫ్రేమ్ కట్టించి పాఠాల గదిలో పెట్టాను. కొత్తగా వచ్చిన పిల్లలు "ఇదేం భాష టీచర్?" అంటే పాఠం పది నిమిషాలు ఆలస్యమవుతోంది.

ఆ పిల్లలకి నేను చెప్పే కథ ఒకటుంది. డిసెంబరు కచేరీలకి చెన్నై వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం జార్జిటౌన్‌లో అర్మేనియన్ వీధి కనిపెట్టాను. అక్కడి చర్చి 1712లో మొదలై, 1772లో మళ్ళీ కట్టింది. లోపల చెట్ల నీడ, నేలంతా సమాధి రాళ్ళు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ భాషా పత్రిక ఎక్కడ అచ్చయిందో తెలుసా? యెరెవాన్‌లో కాదు, మన మద్రాసులో. 1794లో, పేరు అజ్దరార్. నడిపిన ఫాదర్ హరుత్యూన్ ష్మవోనియన్ అక్కడే ఉండిపోయాడు. ఈ పక్షులకి తాతముత్తాతలైన అక్షరాలు సీసపు అచ్చుల్లో మన తీరంలోనే కూర్చుకున్నాయన్నమాట.

లేసు దగ్గరికి వస్తాను. రెండు గుండ్రటి ముక్కలు, కంచం అంచంత. తొమ్మిది వేల డ్రామ్‌లు. లేసంటే మనకి నరసాపురం లేసు, కొక్కెం సూదితో అల్లేది. ఇది కొక్కెం లేకుండా మామూలు సూది, దారంతో, ముడి మీద ముడి వేసుకుంటూ పోయేది. ప్రతి చుట్టూ దేనికదే ముడిపడి ఉంటుంది కాబట్టి ఒకచోట తెగినా మిగతాది విడిపోదు. నాకు ఇవి రావడానికి కారణం వాడు అద్దెకున్న ఇంటావిడ. ఎనభై దాటిన పెద్దావిడట. అక్కడ అమ్మమ్మని "తాతిక్" అంటారు, తాతని "పాపిక్" అంటారు! మావాడికి అలవాటు పడడానికి ఆరు నెలలు పట్టిందిట. ఆ తాతిక్ వీడితో పాటు వెర్నిసాజ్ బజారుకి వచ్చింది.

వెర్నిసాజ్ అంటే యెరెవాన్ నడిబొడ్డున, రిపబ్లిక్ స్క్వేర్‌కి దగ్గర్లో సాగే ఆరుబయట సంత. శని, ఆదివారాల్లో నిండుగా ఉంటుంది. 1980లలో చిత్రకారులు బొమ్మలు పెట్టుకుని కూర్చోవడంతో మొదలై, ఇప్పుడు తివాచీలు, చెక్కపని, వెండి, రాతి నగలు, చదరంగం బల్లలు అన్నీ అక్కడే. తాతిక్ ఏం చేసిందంటే, ప్రతి లేసునీ ముందు వెనక్కి తిప్పి చూసింది. మెషీన్ లేసుకి వెనక దారపు కొసలు కత్తిరించిన గుర్తులు ఒకే వరసలో ఉంటాయట. మా అమ్మ పట్టుచీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూసేది కదా, అదే చూపు. ఖచ్కార్లు కొన్న రోజు ఆవిడ పక్కన లేదు, అదీ సంగతి.

ఆ లేసుని దేవుడి పీట మీద పరిచి కుంకుమ భరిణె పెట్టాను. శ్రావణమాసంలో పసుపునీళ్ళు ఒలికాయి. అయిపోయిందనుకున్నా. సబ్బు పెట్టి ఉతికి ఎండలో వేస్తే మరక పోయింది, ఆకారం మాత్రం అలాగే ఉంది, ఎక్కడా సాగలేదు. రెండు వేలకి రెండు, నాకైతే న్యాయమైన ధరే.

ఉప్పుకుండ గురించి మా వీధిలో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. దాన్ని అఘమాన్ అంటారు. మట్టితో చేసిన ఆడమనిషి, పెద్ద పొట్ట, ఆ పొట్టకే గుండ్రటి కన్నం. అందులో చెయ్యి పెట్టి ఉప్పు తియ్యాలి. పక్కింటి అత్తయ్యగారు చూసి నోరు నొక్కుకున్నారు.

"ఏటే తల్లీ, నీలాడబోయే మనిషిలా ఉంది. దాని కడుపులో సెయ్యెట్టి ఉప్పు తీస్తావేటే?"

"ఉప్పు లక్ష్మి అని మీరే అంటారు కదత్తయ్యగారూ. వాళ్ళు లక్ష్మికి కాళ్ళూ చేతులూ పెట్టారు."

"దీపాలెట్టాక మటుకు దాని జోలికెళ్ళకు," అని తీర్పిచ్చి వెళ్ళారు. ఆవిడే మర్నాడు మనవరాలిని తీసుకొచ్చి చూపించారు.

పాత ఆర్మేనియా ఇళ్ళలో ఇది వంటింటి వస్తువే, అందుకే నాకు నచ్చింది. లోపం ఏమిటంటే మెరుగు పూత లేని మట్టి. యెరెవాన్ పొడి గాలి ఊరు, మనది అలా కాదు. ఆగస్టు వానల్లో కళ్ళుప్పు చెమ్మగిల్లి, ఆ నీరు మట్టిలోంచి ఊరి, బయట పొట్టంతా తెల్లగా ఉప్పు పూసింది. తుడిస్తే మళ్ళీ పూస్తుంది. కొన్నాళ్ళు చూసి లోపల చిన్న గాజు గిన్నె దింపి అందులో ఉప్పు పోశాను, అప్పటి నుంచి టెన్షన్ లేదు. ఏడు వేల డ్రామ్‌లు. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు, శ్రీకాకుళం, భీమిలి వాళ్ళు, తెప్పించుకుంటే గిన్నె సంగతి ముందే గుర్తుపెట్టుకోండి.

అసలు సంచిలో నేను ఎదురుచూసింది దుదుక్, వాళ్ళ ఊదే వాయిద్యం. జానన్నర పొడవు కర్ర గొట్టం, ముందు ఎనిమిది చిల్లులు, వెనక బొటనవేలికి ఒకటి, నోటి దగ్గర వెడల్పాటి రెల్లు రీడు. ఆప్రికాట్ చెట్టు కర్రతో చేస్తారు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా పెడతారే, ఆ పండు చెట్టు. శాస్త్రంలో ఆ చెట్టు పేరే ప్రూనస్ ఆర్మేనియాకా. దుదుక్‌కి వాళ్ళ సొంత భాషలో పేరు త్సిరానపోఘ్, అంటే ఆప్రికాట్ పిల్లనగ్రోవి. రీడు అరాక్స్ నది ఒడ్డున పెరిగే రెల్లుతో చేస్తారు. 2005లో యునెస్కో ఈ సంగీతాన్ని గుర్తించింది.

వెర్నిసాజ్‌లో నిగనిగలాడే వార్నిష్ వేసిన దుదుక్ ఏడు వేల డ్రామ్‌లకే ఉందిట. తాతిక్ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "గోడకి" అందట, అంతే. తన చుట్టాలబ్బాయి ఒకడికి తెలిసిన పనివాడి దగ్గరికి తీసుకెళ్ళింది. ముప్ఫయ్యారు వేల డ్రామ్‌లు. మన డబ్బులో ఎనిమిది వేలు, నేను పంపిన దాంట్లో సగానికి పైన. ఫోన్లో ఆ మాట వినగానే నేను ఒక్క క్షణం ఆగాను, తర్వాత షోకేసు వైపు చూసి "తీసుకో" అన్నాను.

వచ్చిన వారానికి బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి నుంచి మా వీణలు బాగుచేసే ఆయన వచ్చాడు, పాత వీణకి మైనం కరిగి మెట్లు కదులుతుంటే. పనయ్యాక దుదుక్ చేతికిచ్చాను. గోటితో కొట్టి విన్నాడు, వాసన చూశాడు, చిల్లుల్లోకి కన్నుపెట్టి చూశాడు.

"ఏం కర్రమ్మా ఇది?"

"ఆప్రికాట్ అని పండు చెట్టు."

"పండు సెట్టా? మరి మందీ పండు సెట్టే కదమ్మా." పనస కర్రనే కదా వాళ్ళు తరాలుగా చెక్కుతున్నది. ఆ మాట నాకు అంతవరకు తట్టలేదు. "ఎన్నాళ్ళు ఆరబెట్టేరో అడగండమ్మా. ఇది కొత్త కర్ర కాదు. సూడండి, లోపల కూడా నూనె పట్టించేడు." మావాడు ఫోన్ చేసి కనుక్కున్నాడు, ఏళ్ళ తరబడి ఆరిన కర్రేనట. ఆయన తలూపి, ప్లాస్టిక్ పెట్టెలోని జానెడు వీణని చూసి "అదెవరు చేసేరో" అన్నాడు. పెట్టె మీద పేరు లేదు. దుదుక్ అడుగున మాత్రం చేసినవాడి గుర్తు కాల్చి ఉంది.

నాకు ఊదడం రాదు. సంగీత కళాశాలలో, 1919 నుంచి ఉన్న మా ఊరి కాలేజీలోనే, నాదస్వరం నేర్చుకుంటున్న కుర్రాడు మా వీధి చివర ఉంటాడు. పిలిచాను. వాడు నాదస్వరానికి పట్టినట్టు గాలి పట్టి ఒక్క ఊదు ఊదాడు. వచ్చిన కూతకి వీధి కుక్క లేచి నిలబడింది. రీడుని ముందు రెండు చుక్కల నీళ్ళతో తడిపి, అది మెల్లగా నోరు తెరిచేదాకా కూర్చోవాలని మావాడు రాసుకొచ్చిన కాగితం అప్పుడు తీశాడు. పావుగంట ఆగాం. రెండోసారి కుర్రాడు ఊపిరి తగ్గించాడు. అప్పుడు వచ్చిన శబ్దం ఎలా చెప్పను? నాదస్వరం గుడి బయట ఉండేది. ఇది జ్వరంతో పడుకున్న పిల్లాడి పక్కన కూర్చుని అమ్మ తీసే కూనిరాగం. నాదస్వరం గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, దుదుక్ లోపల ఆ చివర నుంచి ఈ చివరకి ఒకటే వెడల్పు. అందుకే అరవదు.

మాది "ఏ" అని గుర్తున్నది, మన లెక్కలో ఆరు శ్రుతి. శ్రుతిపెట్టె ఆరుకి పెట్టాం. అక్కడ దుదుక్ వాయించేటప్పుడు పక్కన ఇంకొకడు ఒకే స్వరాన్ని ఆపకుండా ఊదుతుంటాడు, దాన్ని దమ్ అంటారు. పూర్వం మన మేళాల్లో ఒత్తు పట్టేవాడు ఉండేవాడు కదా, అచ్చం అదే. పేరున్న దుదుక్ విద్వాంసుడు జివాన్ గాస్పర్యాన్ వాయించినవి వింటే ఆ రెండో దుదుక్ ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పెదవి కొద్దిగా వదిలితే స్వరం జారుతుంది, గమకం పలుకుతుంది. కుర్రాడు సగం మూసిన చిల్లులతో తోడి దిగువ స్వరాలు పట్టాడు. పై స్థాయికి ఎక్కువ దూరం పోదు, ఒక స్థాయికి కాస్త మించి అంతే. త్యాగరాజ కృతి మొత్తం వాయిద్దామనుకునేవాళ్ళు ఆశ పెట్టుకోకండి. ఆలాపనకి చాలు.

తంటా అంతా రీడుతోనే. పనివాడు ఇచ్చింది ఒకటే. మన తేమకి రెండు వారాలు పెట్టెలో మూసి ఉంచితే సన్నగా బూజు పట్టింది. ఇప్పుడు వాయించాక నీడన ఆరబెట్టి, పలుచటి గుడ్డలో పెడుతున్నాం. రెండో రీడు కూడా అప్పుడే కొనుక్కోవాల్సింది. ఇక్కడ దొరకదు, నాదస్వరం రీడు దీనికి సరిపోదు, మేం ప్రయత్నించి చూశాం.

మావాడు తిరిగి వెళ్ళేటప్పుడు ఆ పనివాడికి మన ఊరి నుంచి ఏదైనా ఇద్దాం అన్నాడు. మా అక్క వెంటనే "బొబ్బిలి వీణ ఉంది కదా, ప్యాక్ చేసే ఉంది" అంది. వద్దన్నాను. ఆదివారం ప్యాసింజరెక్కి పొందూరు వెళ్ళి సన్నపు ఖాదీ రెండు గజాలు కొన్నాను. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి చేస్తారు అక్కడ. నాలుగు ముక్కలు చేసి అంచులు కుట్టించాను. రెండు ముక్కలు తాతిక్‌కి, ఏం చేసుకుంటుందో ఆవిడ ఇష్టం. రెండు ఆ పనివాడికి, దుదుక్ తుడుచుకోడానికి. మావాడు చెప్పడం, ఆవిడ మొదట గుడ్డని తిరగేసి వెనక చూసిందట.

వచ్చే సెలవులకి చీటీ రాసిచ్చాను: దుదుక్ రీడులు మూడు, "ఏ" శ్రుతివే. దమ్ పట్టడానికి ఇంకో దుదుక్, డబ్బు కుదిరితే. ఖచ్కార్ వద్దు.